ఎర్రచుక్క దాకా నూనె

నవంబరు 26, బుధవారం

ఈ డైరీ మస్కట్ కంపెనీ వాళ్లు మా గంగబాబుకి ఇచ్చింది. రెండేళ్ల కిందటిది. అచ్చేసిన తారీకులకూ ఇప్పటి వారాలకూ పొంతన లేదు. అందుకని వాటిమీద గీత కొట్టి నా తారీకు నేను వేసుకుంటున్నాను. రాసుకోమన్నది కోడలు బేబీ. "అత్తయ్యగారూ, మీ బెంగలన్నీ నాకు చెప్తే నాకూ పట్టుకుంటన్నాయండి. కాయితం మీద పెట్టండి, కాయితానికి నిద్ర పట్టకపోయినా పర్లేదు" అంది. నవ్వుతూనే అందిలే. నాది మూడో తరగతి చదువు. తప్పులుంటాయి. ఎవరు చూడొచ్చారు.

ఈ రోజు బెంగలు మూడు. ఒకటి, గంగబాబు రంగు డబ్బాల కోసం రాజమండ్రి వెళ్లాడు, రావులపాలెం రోడ్డు మీద బస్సులు ఎలా తోలతారో నాకు తెలుసు. రెండు, మనవరాలు తులసికి దగ్గు. మూడు, గాలి మిషనులో నూనె.

మిషను పేరు కంప్రెసరు. మస్కట్‌లో ఏడేళ్లు కార్లకు రంగులు కొట్టి, శ్రావణంలో వచ్చేసి, "ఇంక వెళ్లనమ్మా, ఇక్కడే కొట్టుకుంటాను" అని వాడు కొన్నది. పెరట్లో తాటాకు పాక వేసి అందులో పెట్టాడు. మోటారు తిరిగితే బెల్టు తిరుగుతుంది. బెల్టు తిరిగితే పైనున్న ఇనప బుర్ర గాలి పీల్చి కింద ట్యాంకులోకి తోస్తుంది. ఆ గాలితోనే వాడు రంగు చిమ్ముతాడు. గడియారంలాంటి దాంట్లో ముల్లు లేస్తుంది. నూటిరవై పాయింట్ల దగ్గర టప్పుమని దానంతట అదే ఆగుతుంది. ఆ టప్పు వినపడేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉంటాను.

బుర్ర కింద చిన్న గాజు కన్ను, అందులో ఎర్రచుక్క. "నూనె ఈ చుక్క దాకా ఉండాలమ్మా. తగ్గిందంటే మిషను బిగుసుకుపోయి చచ్చూరుకుంటాది" అన్నాడు దాన్ని దింపిన రోజునే. నాకెందుకు చెప్పాడో. ఆ రోజునుంచీ రోజుకి నాలుగుసార్లు చూస్తున్నాను. వాడు చూడటం మానేశాడు. "నూనె సంగతి అమ్మ చూసుకుంటాది" అంటాడు అందరితో.

ఈ పొద్దున్న నూనె చుక్క కిందికి దిగింది. వాడు లేడు. వచ్చీరాగానే బటను నొక్కేస్తాడేమో. అందుకని పోశాను. దసరా వెళ్లాక ఒకసారి పోశాను, ఇది రెండోసారి. బజారు నూనె కాదు, మన చెట్ల కాయ, గానుగాడించింది. నా కుట్టుమిషనుకు ముప్పై ఏళ్లుగా అదే. మా ఆయన ఉన్నప్పుడు సైకిలు గొలుసుకీ, తలుపు బందులకీ, దెబ్బకీ, తలకీ అదే. చెప్పుకోవలసినంత పనేమీ కాదు.

నవంబరు 27

బస్సు బాగానే తోలారట. తులసికి దగ్గు తగ్గలేదు.

డిసెంబరు 1, సోమవారం

మలికిపురం బీరువాల షాపు ప్రభాకరరావుగారు ఎనిమిది బీరువాలు పంపారు. రంగు లేని ఉత్త ఇనప బీరువాలు. పాకలోనూ అరుగుమీదా నిలబెడితే పెళ్లివారొచ్చినట్టుంది ఇల్లు. దీపావళికి నాలుగు చేసిచ్చాడు మావాడు, ఆయనకు నచ్చాయి. ఈ ఎనిమిదీ మాఘమాసం పెళ్లిళ్లకు. జనవరి ఐదుకల్లా ఇవ్వాలి. ఇవి బాగా కుదిరితే షాపులో బీరువాలన్నీ మావాడికే ఇస్తానన్నారు. కుదరకపోతే నరసాపురం పంపిస్తారు. ఆ రెండోమాట ఆయన అనలేదు. నేనే అనుకున్నాను.

డిసెంబరు 5, శుక్రవారం

చలి పడింది. పొద్దున్న ఏడింటికి మిషను వేశాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. టప్పు వినపడలేదు. పాలు పొంగాయి. అప్పటికీ వినపడలేదు. వెళ్లి చూస్తే మోటారు తిరుగుతోంది, బెల్టు తిరుగుతోంది, ముల్లు మాత్రం నలభై దగ్గర కూర్చుంది. పూజకు రానన్న పంతులుగారిలాగ.

పది దాటాక లేచింది. మధ్యాహ్నం నూటిరవై. టప్పు.

"ఏట్రా అది?" అన్నాను.

"ఏమో. నిద్రమత్తేమో" అన్నాడు.

వాడు నవ్వాడు కాబట్టి పెద్ద విషయం కాదు.

డిసెంబరు 7, ఆదివారం

ఈ రోజూ అంతే. పొద్దున్న నలభై, మధ్యాహ్నం నూరు. ఎక్కడో గాలి పోతోందని కుంకుడుకాయలు కొట్టి నురుగు తియ్యమన్నాడు. నేనే తీశాను. పైపు అతుకుల మీద, ట్యాంకు అడుగున నీళ్లు వదిలే మర దగ్గర, అన్నిచోట్లా ఆ నురుగు పూశాడు. బుడగ లేస్తే అక్కడ గాలి పోతున్నట్టు. పైపు మూతి దగ్గర ఒక్కచోట చిన్న బుడగ లేచింది.

"దొరికేసింది దొంగ" అన్నాడు.

మర విప్పి తెల్లటేపు చుట్టి బిగించాడు. మళ్లీ వేశాడు. నలభై.

"అసలు దొంగ ఇంకోడున్నాడండి" అంది బేబీ. మిగిలిన కుంకుడు నురుగుతో తులసికి తలంటింది. నేను గంగబాబు తలకు నూనె పెట్టాను. ప్రతి ఆదివారం పెడతాను, మస్కట్‌లో ఏడేళ్లు ఎవరు పెట్టారు వాడికి?

డిసెంబరు 9

ఓల్టేజీ అట. పొద్దున్న ఊరంతా మోటార్లు వేస్తారు కాబట్టి కరెంటు సన్నంగా వస్తుందట. మధ్యాహ్నం బాగుంటుంది. అందుకే మధ్యాహ్నం ముల్లు లేస్తోంది. గంగబాబే చెప్పాడు. నాకు సగం బెంగ తీరింది. కరెంటాఫీసు వాళ్ల తప్పు.

డిసెంబరు 12, శుక్రవారం

ఓల్టేజీ కాదు. లైటు బాగానే వెలుగుతోంది, మోటారు జోరుగానే తిరుగుతోంది. బెల్టు బిగించాడు. గాలి పీల్చే చోట జల్లెడ విప్పి దులిపాడు. ఇంకా ఒక్క బీరువా కూడా కాలేదు.

సాయంత్రం రాజోలు ఏజెంటు ఫోను చేశాడు. మస్కట్‌లో పాత కంపెనీయే మళ్లీ పిలుస్తోందట, జీతం పెంచి. "ఆలోచించుకోండి, తొందర లేదండి" అన్నాడట. తొందర లేని వాళ్లు ఫోన్లు చెయ్యరు.

డిసెంబరు 14, ఆదివారం

నరసాపురం నుంచి మెకానిక్కు అప్పలరాజు వచ్చాడు. ఏరు దాటించే పంటు మీద సఖినేటిపల్లి రేవు దాటి, అక్కడినుంచి స్కూటరు మీద. వచ్చేసరికి పన్నెండు దాటింది. ఎండ బాగా ఉంది. మిషను వేస్తే నూరు దాకా లేచింది.

"లేత్తంది కదండి" అన్నాడు.

"పొద్దున్న లేవట్లేదండి" అన్నాడు గంగబాబు.

"నాకూ పొద్దున్న లేవబుద్ధవదండి" అన్నాడు అప్పలరాజు. అలాంటి మనిషి. గాలి పీల్చే మూతి దగ్గర అరచెయ్యి పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నాడు. నాడి చూసినట్టే చూశాడు.

"మామ్మగారండి, లోపల రెండు రేకులుంటాయండి. ఒకటి గాలి పీల్చినప్పుడు తెరుచుకుంటాది, రెండోది తోసినప్పుడు తెరుచుకుంటాది. పీల్చింది పీల్చినట్టే బయటికి ఊదేత్తందంటే పీల్చే రేకు మూసుకోట్లేదన్నమాట. ఆయాసం అంటాం కదండి, అదేనండి ఆయ్."

బుర్ర మూత విప్పాడు. రేకులు పల్చగా తమలపాకుల్లా ఉన్నాయి. వాటిమీద పసుప్పచ్చగా, జిగురుగా ఏదో ఉంది. వేలితో తీసి చూశాడు.

"నూనెలో నీళ్లు చేరేయేమోనండి. నూనె సరిగ్గా ఉందా?"

"చుక్క దగ్గరే ఉందండి. మా అమ్మ రోజుకి నాలుగుసార్లు చూస్తాది."

"ఏంటో కొబ్బరినూనె వాసనొత్తందండి?"

"అది నా తలండి. ఆదివారం కదా, అమ్మ పెట్టేసింది."

"నాదీ అయ్యుంటాదిలెండి" అని అప్పలరాజు తన తల తడుముకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రేకులు తుడిచి, కొత్త ప్యాకింగు వేసి బిగించాడు. నూటిరవై. టప్పు. కాఫీ ఇచ్చాను. రెండు కాయలు కూడా ఇచ్చాను.

డిసెంబరు 15

పొద్దున్న ఏడింటికే టప్పు. గంగబాబు పాట పాడుకుంటూ మొదటి బీరువాకి రంగు కొట్టాడు. బుర్ర విప్పినప్పుడు కాస్త ఒలికినట్టుంది, నూనె చుక్క కిందికి దిగింది. పోశాను.

డిసెంబరు 18, గురువారం

మళ్లీ నలభై.

డిసెంబరు 19, శుక్రవారం

పొద్దున్న తులసికి జడ వేద్దామని నూనె సీసా తీస్తే వెన్నలా పేరుకుంది. అరుగుమీద ఎండలో పెట్టాను. చలికాలం రోజూ చేసే పనే. తులసి పక్కన కూర్చుని, "మామ్మా, కరుగుతాంది, మామ్మా, సగం కరిగింది" అని చెబుతోంది. పది దాటాక మొత్తం కరిగింది. అప్పుడే పాకలోంచి టప్పు.

దువ్వెన నా చేతిలో ఉండిపోయింది.

వాడు భోజనానికి వచ్చినప్పుడు పాకలోకి వెళ్లి గాజు కన్ను చూశాను. నూనె తేటగానే ఉంది. అయితే పొద్దున్న? పొద్దున్న చూసినప్పుడు తెల్లగా ఉన్న మాట నిజమే. మంచు పట్టిందనుకుని పైటచెంగుతో తుడిచాను. పోలేదు.

సీసా వేరు, మిషను వేరు. సీసాలో నూనె కదలకుండా ఉంటుంది కాబట్టి పేరుకుంటుంది. మిషనులో తిరుగుతూ ఉంటుంది. కుట్టుమిషనుకు ముప్పై ఏళ్లుగా పోస్తున్నాను. చలికాలం అదీ బరువుగానే తిరిగేది. ఎండలో పెడితే సరిపోయేది.

అది వేరు, ఇది వేరు.

డిసెంబరు 20

ఓల్టేజీయే అయ్యుంటుంది.

డిసెంబరు 22, సోమవారం

తెల్లవారకముందే లేచి తవుడు వేయించి మూట కట్టి మిషను బుర్రకు కాపడం పెట్టాను. ఉప్పుమూట అయితే వేడి నిలుస్తుంది గానీ ఇనుము తుప్పు పడుతుంది. నాలుగు మూటలు మార్చాను. గాజు కన్ను కాసేపటికి తేటపడింది.

వెనక్కి తిరిగితే బేబీ నిలబడి ఉంది.

"ఏంటండీ అత్తయ్యగారూ, మిషనుకి బాలింత కాపడమా?"

"చలికి ఇనుము ముడుచుకుంటుందే అమ్మాయ్."

"మరి కడుపు కట్టు కూడా కట్టండి, గాలి చేరకుండా" అని, ఒక్క క్షణం ఆగి, "గాలి చేరాలి కదూ దీనికి" అని నవ్వుకుంటూ పోయింది.

ఏడింటికి మిషను వేశాడు. కాస్త నెమ్మదిగా లేచింది గానీ నూటిరవై. టప్పు. రెండు బీరువాలు కొట్టాడు. ఈ కాపడం రోజూ పెట్టగలను. మాఘం దాకా పెడితే చాలు. శివరాత్రి తర్వాత ఎండలొస్తాయి, ఇంక బెంగే లేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

డిసెంబరు 23, మంగళవారం

ఆరు మూటలు పెట్టాను. ముల్లు నలభై అయిదు. మధ్యాహ్నం కూడా అరవై దాటలేదు. ఎండలో కూడా లేవకపోవడం ఇదే మొదలు.

ప్రభాకరరావుగారు వచ్చారు. నిన్న కొట్టిన బీరువాలు చూశారు. రంగు ఆరాక తలుపుల మీద చిన్నచిన్న గుంటలు పడ్డాయి. నిన్న లేవు.

"ఇదేంటయ్యా గంగబాబూ, అమ్మవారు పోసినట్టుందే!"

"గాలితోపాటు నూనె తుంపర వచ్చేసిందండి. రుద్దేసి మళ్లీ కొడతానండి."

"నీ పని సంగతి నాకు తెలుసయ్యా. నీ మిషను సంగతే తెలీటంలేదు. పెళ్లివారు మిషను చూడరు కదా, బీరువా చూత్తారు" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఐదో తారీకు అన్నారు. మంచినీళ్లు తాగి వెళ్లారు.

గంగబాబు గరుకు కాగితం తీసి రంగంతా రుద్దుతూ కూర్చున్నాడు. తనలో తనే, "అక్కడ ఇలాగెప్పుడూ అవలేదు. పని మర్చిపోయేనేమో" అన్నాడు. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. రాళ్లేమీ లేవు. ఏరుతూనే ఉన్నాను.

డిసెంబరు 24, బుధవారం

అప్పలరాజు మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వించలేదు. బుర్ర విప్పితే మొన్న తుడిచిన రేకులు మళ్లీ జిగురు పట్టి అతుక్కున్నాయి.

"పదిరోజులే అయ్యిందండి తుడిచి. కింద నూనె పైకెక్కేత్తంది. అంటే నూనె పైకి రాకుండా ఆపే రింగులు పోయేయండి. ఈ మోడలు రింగులు రాజమండ్రిలోనే కాదు, ఎక్కడా రావండి. చెప్పకూడదు గానీ, పాత ఇనుముకిచ్చేసి కొత్తది తీసుకోడవేనండి."

రేకులు తుడిచి బిగించి అప్పలరాజు వెళ్లిపోయాడు. కాఫీ తాగలేదు, పంటు వెళ్లిపోతుందన్నాడు.

సాయంత్రం వాడే ఏజెంటుకు ఫోను చేశాడు. సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి రాజోలు వెళ్లి పాసుపోర్టు ఇచ్చి రావాలి. వీసా సిద్ధంగా ఉందట. ఇంట్లో మా బీరువా అడుగు అరలోంచి వాడు పాసుపోర్టు తీస్తుంటే నేను గుమ్మంలోనే ఉన్నాను.

నాకు తెలుసు. నాకు తెలుసు అని ఇక్కడ మాత్రమే రాసుకుంటున్నాను.

డిసెంబరు 25, గురువారం

పక్కింటి కాంతం వచ్చింది. నాకంటే రెండేళ్లు చిన్న. "గంగబాబు మళ్లీ వెళ్తన్నాడంట కదా వదినా?" అంది.

"మిషను కుదర్లేదు."

"మిషనుదేముంది, నువ్వు వెళ్లమన్నావా ఉండమన్నావా?"

తుపాను ఏడాది చెట్లు సగం కూలినప్పుడు వెళ్లమన్నది నేనే. వాడు రాజోల్లో రంగుల షాపు పెడతానన్నాడు. "షాపు నడవకపోతేనో, ఊళ్లో కుర్రాళ్లంతా వెళ్తున్నారు కదా" అని నేనే భయపడి పంపించాను. ఏడేళ్లలో మూడుసార్లు వచ్చాడు. శ్రావణంలో వాడు గుమ్మంలోకి రాగానే నాలుగేళ్ల తులసి తలుపు వెనక దాక్కుని, "అమ్మా, ఎవరో మావయ్యొచ్చేడు" అంది. ఇప్పుడు వాడి కంచంలోనే తింటుంది.

మొదటిసారి నా భయంతో పంపాను. రెండోసారి నా నూనెతో పంపుతున్నాను. చెబితే అంతా నావల్లే అని తేలిపోతుంది. చెప్పకపోతే మిషను వల్ల.

డిసెంబరు 26

చెప్పలేదు. వాడు అన్నం తింటున్నాడు. అన్నం దగ్గర ఎలా చెప్పను.

డిసెంబరు 27

రేపు. రేపు ఆదివారం.

డిసెంబరు 28, ఆదివారం

నూనె సీసా ఎండలో పెట్టలేదు.

గంగబాబుని అరుగుమీద పీట వేసి కూర్చోబెట్టాను. చొక్కా విప్పి కూర్చున్నాడు. నేను వెనక మెట్టుమీద. వాడికి నా మొహం కనపడదు, అందుకే ఆ చోటు. సీసాలోంచి వేలితో తెల్లముద్ద తీసి నడినెత్తిన పెట్టాను.

"చల్లగా ఉందే, కరగబెట్టలేదేంటి?"

"కరగబెట్టలేదు."

అరచెయ్యి వేడికి నూనె కరుగుతోంది. కాసేపు మర్దనా చేశాను. ఎన్నిసార్లు మొదలుపెట్టానో. మాట గొంతులోకి వచ్చి వెనక్కి పోతోంది, మిషను గాలిలాగే.

"ఒరేయ్ గంగా."

"ఊఁ."

"మిషన్లో నూనె తగ్గినప్పుడల్లా నేను పోసేనురా."

"మంచిదే కదమ్మా."

"ఇదే పోసేను."

"ఇదంటే?"

"నీ తలకు రాత్తన్నదే."

నా చేతుల కింద వాడి తల కదలకుండా ఆగిపోయింది. చెయ్యి తియ్యడానికి భయం వేసింది. తీస్తే ఏమవుతుందో. అలాగే పెట్టి ఉంచాను. నూనె కణతల మీదికి కారుతోంది.

వాడే నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగి, అరచెయ్యి తిప్పి వాసన చూశాడు. అప్పలరాజు వాసన పట్టిన రోజు గుర్తొచ్చినట్టుంది.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. గ్లాసుడేసి."

"అటక మీద నూనె డబ్బా ఉంది కదమ్మా, మిషన్ది?"

"అది నల్లగా ఉందిరా. కంపు కొట్టింది. ఇంట్లో మంచినూనె ఉండగా..."

తర్వాత అడిగినదే కష్టం.

"ఇదని నీకు ఎప్పుడు తెల్సింది?"

"తొమ్మిది రోజులైంది."

"నేను పాసుపోర్టు తీసినప్పుడు తెల్సా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంటమ్మా?"

"చెప్తే నిన్ను నేనే పంపినట్టవుతాదని."

"చెప్పకపోతే?"

నేను సీసా మూత బిగించాను.

వాడు లేచాడు. చొక్కా లేదు, తల నిండా నూనె, మొహం మీదికి కారుతోంది. పాకలోకి వెళ్లాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. స్పానరు తీసి బుర్ర అడుగున మర విప్పాడు. కింద పళ్లెం పెట్టాడు. నూనె ధారగా రాలేదు, గడ్డలు గడ్డలుగా జారింది. తెల్లగా, చెడిపోయిన పెరుగులాగ. అంతా పళ్లెంలో పడేసరికి ఇంక ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. బేబీ వచ్చి చూసింది, పళ్లెం చూసింది, మొగుడి తల చూసింది, నన్ను చూసింది.

"ఈ ఇంట్లో కొబ్బరినూనె రాయని చోటు ఏదైనా మిగిలిందాండి అత్తయ్యగారూ?" అంది. అని, లోపలికి వెళ్లి పాత చీర చింపి గుడ్డలు తెచ్చింది. నేను కిరసనాయిలు తెచ్చాను. మా ఆయన చేతి స్పానర్లు ఒక్కొక్కటీ నేనే అందించాను. పద్నాలుగు, పన్నెండు. ఆయన ఉన్నప్పుడు అందించిన నంబర్లే.

మూత విప్పాడు. రేకులు కిరసనాయిల్లో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో జిగురంతా తోమాడు. రింగులు వేలితో తిప్పి చూశాడు, తేలిగ్గా తిరిగాయి. "రింగులు పోలేదు. ఏమీ పోలేదు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. పైపులు ఊదాడు. ట్యాంకు అడుగు మర తిప్పితే అక్కడినుంచి కూడా తెల్లనీళ్లు కారాయి. అటక మీది నల్లడబ్బా దింపి, ఎర్రచుక్క దాకా పోశాడు. పోస్తూ నావైపు చూశాడు. నేను వంగి చూసి, "చాలు" అన్నాను. ఇంత జరిగాక కూడా ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

బటను నొక్కాడు.

నలభై దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. తులసి పక్కనుంచి, "మామ్మా, లేత్తాంది. మామ్మా, ఇంకా లేత్తాంది" అంటోంది. నీరెండ వీపుమీద పడుతోంది. ఇంకా పదయినా కాలేదు.

టప్పు.

వాడు చెంపమీది నూనె భుజంతో తుడుచుకుని, రేపు బస్సు ఎన్నింటికని బేబీని అడిగాడు.

డిసెంబరు 29, సోమవారం

మొదటి బస్సుకి వెళ్లాడు. సంచిలో పాసుపోర్టు ఉంది, నేను చూశాను. అడగలేదు. తొమ్మిది రోజులు నోరు మూసుకున్నదాన్ని, ఈ రోజు అడిగే మొహం ఎక్కడిది.

పాకలోకి వెళ్లలేదు. కుట్టుమిషను ముందు కూర్చున్నాను, ఏమీ కుట్టలేదు. కాంతం వచ్చి గడపలో కూర్చుంది, అదీ ఏమీ అడగలేదు. అది ఊరుకుంటే ఇంకా భయం వేస్తుంది. బేబీ రెండుసార్లు బియ్యం కడిగింది.

పన్నెండున్నరకి బస్సు ఆగిన చప్పుడు. వాడు దిగి వస్తున్నాడు. సంచి భుజానికి ఉంది. కుడిచేతిలో ఏదో బరువు, ఒక పక్కకి వంగి నడుస్తున్నాడు. దగ్గరికి వచ్చాక చూశాను. నూనె డబ్బా. మిషను నూనె. పక్కన అంకె వేసి ఉంది, నాకు అంకెలు వచ్చు. అయిదు లీటర్లు.

మిషను మొత్తానికి లీటరు పట్టదు. మస్కట్ వెళ్లిపోయేవాడు అయిదు లీటర్ల డబ్బా మోసుకురాడు.

డబ్బా నా కాళ్ల దగ్గర దింపాడు. వేళ్లు ఎర్రగా కంది ఉన్నాయి. పాసుపోర్టు తీసి బేబీకి ఇచ్చి, "అడుగరలో పడెయ్" అన్నాడు. బేబీ కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. కాంతం లేచి, "ఆఁ, మా ఇంట్లో పొయ్యి మీద పెనం ఉంది" అంటూ వెళ్లిపోయింది. ఇక్కడ ఇందాకటినుంచీ కూర్చున్నదానికి పెనం ఎక్కడిది.

ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"ఇది ఎన్నాళ్లొత్తాదిరా?"

"నాలుగేళ్లొత్తాదమ్మా" అన్నాడు. "నువ్వు రోజూ పొయ్యకుండా ఉంటే."

జనవరి 4, ఆదివారం

ఎనిమిదో బీరువా వ్యానెక్కింది. తలుపులో నా మొహం కనపడింది, అంత నున్నగా వచ్చింది. ప్రభాకరరావుగారు మళ్లీ పది పంపిస్తానన్నారు. వాటిని పాకలో ఎక్కడ పెడతాడో తెలియదు, వాన వస్తే.

నూనె సీసా ఎండలో పెట్టి కరిగించి వాడి తలకు రాశాను.

మిషన్లో నూనె చుక్క దగ్గరే ఉంది. రెండుసార్లే చూశాను.